పురుగు గది వెచ్చదనం

రంగు సరిపోయిందా లేదా అని చెప్పడం నా ఉద్యోగం. హోసూరులో బండ్ల విడిభాగాలకు రంగు వేసే ఒక ఫ్యాక్టరీలో, కిటికీ లేని గదిలో కూర్చుని, రకరకాల దీపాల కింద రేకు ముక్కలు తిప్పి తిప్పి చూస్తుంటాను. ట్యాంకు ఎరుపూ పక్క మూత ఎరుపూ ఒక్కటేనా అని అడిగితే మామూలు మనుషులు ఒక్కటే అంటారు. నేను కాదంటాను. బయట కూడా ఈ బుద్ధి పోదు. చీరకు జాకెట్ గుడ్డ కొనడానికి నన్ను వెంట తీసుకెళ్ళే ధైర్యం మా చుట్టాల్లో ఎవరికీ మిగల్లేదు.

ఇన్ని వంకలు పెట్టేదాన్ని, సాయంత్రం దీపాలు పెట్టే వేళ మత్తిగిరిలో మా ఇంటి బాల్కనీలోకి ఒక గోధుమరంగు సీతాకోకచిలుక వచ్చి వాలితే, పొయ్యి మీద పోపు వదిలేసి నిలబడిపోతాను. మా ఆయన లోపలి నుంచి "మాడిపోతోంది" అని కేకేస్తాడు. మాడనీ అంటాను. అది పెద్ద అందగత్తేమీ కాదు. పువ్వుల మీద తిరిగి ఫొటోలకు నిలబడే రకం కాదు. పగలంతా చెత్తలో ఆకుల్లో పడుకుని, చీకటి పడుతుంటే లేచి గోడలకు కొట్టుకుంటూ తిరుగుతుంది. కానీ దాన్ని చూస్తే నాకు మా పెద్దమ్మ ఇల్లు గుర్తొస్తుంది, ఆ ఇంట్లో బొగ్గు కుంపటి వాసన గుర్తొస్తుంది.

దీని సంగతి ఒకటి చెప్పాలి. వానాకాలంలో వచ్చినది రెక్కలు మూసుకుని కూర్చుంటే అంచు వెంట వరుసగా కళ్ళు కనిపిస్తాయి. మధ్యలో తెల్లటి చుక్క, దాని చుట్టూ నలుపు, ఆ పైన పసుప్పచ్చ ఉంగరం. చలికాలంలో వచ్చినదానికి రెక్క ఆ బయటి వైపు కళ్ళు ఉండవు, ఉన్నా సూదితో పొడిచినంత. అచ్చం ఎండుటాకు. ఒకదాని ఎండు మరక ఇంకోదానికి ఉండదు. పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరైనా రెండు జాతులనే అంటారు. కానీ రెండూ ఒక్క తల్లి పిల్లలే.

మేము ఫ్యాక్టరీలో రంగు పూస్తాం. సీతాకోకచిలుక రెక్క మీద ఎవరూ పూయరు, అది లోపలి నుంచి వస్తుంది. గూట్లో ఉన్నప్పుడు రెక్క తడి గుడ్డలా, ఏ రంగూ లేకుండా ఉంటుంది. దాని మీద కంటికి ఆనని పొలుసులు ఇంటి పెంకుల్లాగా వరుసగా పేర్చుకుంటాయి. ఒక్కో పొలుసుది ఒక్కటే రంగు. కన్ను రావలసిన చోట నడిమధ్యలో ఉన్న కణాలు చుట్టుపక్కల వాటికి ఒక కబురు పంపుతాయి. ఆ కబురు దగ్గరగా, గట్టిగా అందినవి ఒక రంగు, కాస్త దూరంగా అందినవి ఇంకో రంగు, అసలు అందనివి మామూలు గోధుమరంగు అవుతాయి. లేత రంగులు ముందు వస్తాయి, నలుపు అన్నిటికన్నా చివర వస్తుంది. ఇక ఆ కబురు ఎంత గట్టిగా పోవాలనేది, పురుగుగా ఉన్నప్పుడు చివరి రోజుల్లో అది పెరిగిన చోటు వెచ్చగా ఉందా చల్లగా ఉందా అనేదాన్ని బట్టి ఉంటుంది. వెచ్చగా ఉంటే వానాకాలం అనుకుని కళ్ళు తెచ్చుకుంటుంది. చల్లగా ఉంటే ఎండుటాకుల కాలం అనుకుని కళ్ళు మానుకుంటుంది.

ఇదంతా ఉద్యోగంలో చేరాక చదువుకున్నాను. చూసింది మాత్రం అంతకు చాలా ముందు, మత్తూరు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ పురుగు గదిలో.

నేను పుట్టిన కొన్నాళ్ళకే మా అమ్మ పోయింది. అమ్మకు అక్క మా పెద్దమ్మ. ఆమెకు పిల్లల్లేరు. పొత్తిళ్ళలో ఉన్న నన్ను ఎత్తుకుని తన ఊరికి తీసుకుపోయింది. మా నాయన హోసూరులో షిఫ్టు పని చేసేవాడు. పసిబిడ్డను పెట్టుకుని ఏం చేస్తాడు? సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి, బేకరీ బన్నుల పొట్లం ఒకటి పట్టుకుని వచ్చేవాడు. వచ్చి తిన్నె మీద కూర్చుని నన్ను చూసేవాడు. నాతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలిసేది కాదు, ఆయనతో ఏం మాట్లాడాలో నాకూ తెలిసేది కాదు. ఇద్దరం బన్ను తినేవాళ్ళం.

పెద్దమ్మ వాళ్ళది తరాలుగా సేద్యం చేసే ఇల్లు. రాగులు, అనప, కొంచెం మామిడి, వీటన్నిటికంటే ముఖ్యంగా పట్టుపురుగులు. ఇంటి వెనక మల్బరీ తోట, ఇంటిని ఆనుకుని పురుగు గది. ఆ గదికున్న మడి మా ఇంటి దేవుడికి కూడా లేదు. కాళ్ళు కడుక్కోకుండా పోకూడదు. అగరబత్తి వెలిగించకూడదు, పౌడరు రాసుకోకూడదు, వేపుడు పొగ అటు పోకూడదు. బయటివాళ్ళు గడప తొక్కకూడదు. పురుగు తినడం మానేసి, తల ఎత్తి, కదలకుండా నిలబడి పాత చర్మం వదిలే రోజులను జ్వరం అంటారు. "పురుగు జ్వరంలో ఉంది" అని పెద్దమ్మ అంటే ఇంట్లో ఎవరమూ గట్టిగా తుమ్మేవాళ్ళం కూడా కాదు. చలి కాలంలో మా మంచాల దగ్గర ఏమీ ఉండేది కాదు గానీ పురుగులకు మాత్రం తెల్లవార్లూ కుంపటి ఉండేది. నేను చాలాసార్లు చాప తీసుకుపోయి ఆ గది గుమ్మంలో పడుకునేదాన్ని. ఇప్పటికీ నా ఎరుకలో అంత హాయిగా నిద్రపట్టిన చోటు ఇంకోటి లేదు.

మా నాయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మత్తిగిరిలో రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకున్నాడు. ఇంట్లో ఆడమనిషి ఉంటే బిడ్డను తెచ్చుకోవచ్చని చేసుకున్నాడని అందరూ అన్నారు, అది నిజమే. ఒకరోజు వచ్చి తిన్నె మీద కూర్చుని చెప్పాడు.

"వదినా, ఆడ మంచి ఇస్కూలు ఉంది. పాపను తీసుకుపోతాను."

పెద్దమ్మ కాదనలేదు. ఏ హక్కుతో కాదంటుంది? గది వైపు చూసి అంది.

"పురుగు జ్వరంలో ఉందప్పా. ఇట్లాంటప్పుడు ఇంట్లో మనిషిని బయటికి పంపితే పంట నిలవదు. గూళ్ళు దిగినాక రా."

మా నాయన వాళ్ళది ఒట్టి రాగుల సేద్యం. పట్టుపురుగుల ఆచారాలు ఆయనకు తెలియవు. నిజమే కాబోలని లేచి పోయాడు. నిజానికి బయటివాళ్ళు లోపలికి రాకూడదనే గానీ లోపలివాళ్ళు బయటికి పోకూడదనే ఆచారం ఎవరి ఇంట్లోనూ లేదు. అప్పటికప్పుడు మా పెద్దమ్మ కనిపెట్టిన ఆచారం అది. పెద్దనాయన ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, ఆకూ వక్కా నోట్లో వేసుకుని తోటలోకి పోయాడు. నాకు అర్థమైంది. పిల్లలకు ఇలాంటివి త్వరగా అర్థమవుతాయి. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

పురుగులు గూళ్ళు కట్టి, అవి అమ్మకానికి దిగాక మా నాయన వచ్చాడు. అప్పటికే గదిలో కొత్త పురుగు ఉంది. ఆ తర్వాత వచ్చాడు, అప్పుడూ ఉంది. మామూలుగా ఒక పంట దిగగానే గది ఖాళీ చేస్తారు. తట్టలు ఎండలో వేసి, గది కడిగి, బ్లీచింగ్ పౌడరు చల్లి, గోడలకు సున్నం కొట్టి, కొన్నాళ్ళు ఆరబెట్టి, ఆ తర్వాతే మళ్ళీ గుడ్లు తెస్తారు. ఆ ఏడు మా పెద్దమ్మ తోటను రెండు పాళ్ళు చేసింది. ఒక పాలు ఆకు అయిపోయేసరికి రెండో పాలు అందుకునేది. పాత పురుగు చంద్రికల మీద గూడు కడుతుండగానే పక్క తట్టల్లో కొత్త పురుగు పాకేది. చంద్రికలంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురు తట్టకు చుట్లు చుట్లుగా బద్దలు కుట్టినవి.

"గదికి రవంత గాలి ఆడనీయే," అనేవాడు పెద్దనాయన.

"ఆకు ముదిరిపోతాది," అనేది పెద్దమ్మ.

ఆ మాట పట్టుకుని ఆమె ఒక్క పూట కూడా నడుం వాల్చలేదు. ఆకు కోసి కోసి వేళ్ళు నల్లబడ్డాయి. నాకు ఆ వేళ్ళు ఇప్పుడు తలచుకుంటే ఏడుపొస్తుంది. అప్పుడు మాత్రం నేనుండిపోతున్నాననే సంతోషమే.

ఇన్ని పురుగులు పెంచే ఇంట్లో పెరిగి నేను ఒక్క రెక్క చూసింది లేదు. పట్టుపురుగుకు రెక్కలు వచ్చేదాకా ఎవరు ఆగుతారు? గూళ్ళు మార్కెట్టుకు పోతాయి, అక్కడి నుంచి వేడి నీళ్ళలోకి పోతాయి. రెక్కలు ఎలా వస్తాయో చూడాలని నాకు మహా పట్టుదల. చలి మొదలైన రోజుల్లో తోట కాలువ గట్టున గడ్డిలో, తల మీద రెండు కొమ్ములున్న ఆకుపచ్చ పురుగులు దొరికాయి. పాత పాలపొడి డబ్బాలో గడ్డి వేసి వాటిని పెట్టి, మూతికి చీర గుడ్డ కట్టాను. బయట మంచుకు చస్తాయని గొడవ చేసి, పురుగు గదిలోనే తలుపు పక్క గోడ గూటిలో పెట్టించాను.

పెద్దనాయన చూసి మండిపడ్డాడు.

"బయటి పురుగును తెచ్చి పురుగు గదిలో పెడతారా ఎవరైనా? రోగం తగిలితే?"

"డబ్బాలో ఉంది, డబ్బాలోనే ఉంటాది. సుమ్నే ఉండు, అరవొద్దు," అంది పెద్దమ్మ. ఆమె ఆ రోజుల్లో నేనేది అడిగినా కాదనలేదు. ఎందుకో నాకిప్పుడు తెలుసు.

అవి గడ్డి తిని, బలిసి, తలకిందులుగా వేలాడి, నున్నటి పచ్చపూసల్లా అయ్యాయి. రోజూ బడి నుంచి వచ్చి చూసేదాన్ని. ఒకరోజు పూస మసకబారింది. పొట్టు పలచబడి, లోపల రెక్క మడతలో నల్లటి చుక్క కనిపించింది. మర్నాడు పొద్దున డబ్బాలో సీతాకోకచిలుక ఉంది. ముడుతలు పడిన రెక్కలు మెల్లమెల్లగా సాగి, ఆరి, మూసుకున్నాయి. అంచు వెంట కళ్ళు, ఒక్కొక్కటీ తీర్చి దిద్దినట్టు.

నేను నిరాశపడ్డాను. ఎందుకంటారా? ఆ వారమంతా బయట తిరుగుతున్నవి కళ్ళులేని ఎండుటాకులు. నాది వేరే రకం వచ్చిందనుకున్నాను.

"అదే పురుగే పాపా," అంది పెద్దమ్మ తట్ట చంకలో పెట్టుకుని వంగి చూస్తూ. "బయటివి చలిలో పెరిగినాయి. ఇది మన కుంపటికాడ పెరిగింది. అంతే."

అంత తేలిగ్గా అనేసింది. ఊరికే నన్ను ఊరడించడానికి అన్న మాటేనేమో, నాకు తెలియదు.

దాన్ని వదలడానికి పెరట్లోకి తీసుకుపోయాం. పురుగులు తిని మిగిల్చిన మల్బరీ కొమ్మలు ఎండిపోయి కుప్పగా ఉన్నాయి. దాని మీద వాలింది. బయట పుట్టినవైతే ఆ ఎండాకుల్లో కలిసిపోయి కంటికి ఆనేవి కావు. ఇది మాత్రం ఆ కళ్ళేసుకుని అంత దూరానికి కనిపించింది. ఎక్కణ్ణుంచి చూసిందో ఒక పికిలిపిట్ట దిగి పొడిచింది. నేను అరిచేశాను. పిట్ట ముక్కున రెక్క తునక ఉంది, అంచున ఉన్న పెద్ద కన్ను ఆ తునకతో పోయింది. సీతాకోకచిలుక మాత్రం కుప్పలోకి జారి, కాసేపటికి అవతలి వైపు నుంచి వంకర టింకరగా ఎగురుతూ గోడ దాటింది.

నేను ఏడుస్తున్నాను. పెద్దమ్మ నన్ను పట్టించుకోలేదు. గోడ వైపే చూస్తోంది.

"రెక్క తునిగింది," అంది. "పానం నిలిచింది గదా," అంది. నాతో అన్నట్టు లేదు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే పట్టుపురుగులకు రోగం తగిలింది. తినడం మానేశాయి. మెత్తబడ్డాయి, నల్లబడ్డాయి, గదంతా కుళ్ళు వాసన. గూడు కట్టే దశకు వచ్చిన పంట మొత్తం ఊరి బయట గుంత తీసి పూడ్చారు. పెద్దనాయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. గది ఖాళీ అయింది. ఆ ఏడు చలి రాత్రుల్లో ఆ గదిలో కుంపటి లేకపోవడం అదే మొదలు. మా నాయన వస్తే చెప్పడానికి ఇంక ఏ జ్వరమూ లేదు.

ఆయన ఆదివారం వచ్చాడు. ఖాళీ సంచి ఒకటి తెచ్చాడు, నా బట్టలకు. పెద్దనాయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. పంట పోయిన మంట ఇంకా ఆరలేదు.

"రాప్పా. ఈసారి గడప దాటి లోపలికే రావచ్చు, పురుగు లేదు," అన్నాడు. "నీ కూతురు గడ్డిలో పురుగులు తెచ్చి గదిలో పెట్టింది. వద్దంటే వినలేదు. రోగం తగిలి పంటంతా పోయింది."

మా నాయన ముఖం పాలిపోయింది. నా వైపు చూశాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. నా డబ్బా వల్లనే అంత పనీ జరిగిందని నేను అప్పటికే నమ్మేశాను. అన్ని పురుగులనూ నేనే చంపాను, అందుకే నన్ను పంపించేస్తున్నారు అనుకున్నాను. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

"నా బిడ్డ ఇంత పని చేసిందా అన్నా," అన్నాడు మా నాయన.

పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప మీద నిలబడింది.

"పాప చేసింది ఏం లేదు. రోగం ఆ డబ్బాతో రాలేదు. పంటకీ పంటకీ నడమ గది కడగలేదు, సున్నం కొట్టలేదు, ఒక్క దినం ఆరబెట్టలేదు. అట్ల చేస్తే ఏ గదికైనా రోగం వస్తాది. నాకు తెలిసే చేసినాను."

"తెలిసి ఎవరైనా చేస్తారా?" అన్నాడు పెద్దనాయన.

"గది ఖాళీ అయితే నువ్వు పాపను తీసుకుపోతావని," అంది మా నాయన వైపు తిరిగి. "మనిషిని పంపకూడదనే ఆచారం ఏమీ లేదప్పా. నేను కల్పించి చెప్పినాను."

మా నాయన సంచిని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"ఒక మాట అడిగింటే పాపను ఈడే వదిలి పెట్టేవాణ్ణి కదా వదినా."

"అడిగితే నువ్వు కాదనలేవు. అందుకే అడగలేదు."

ఆయన నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంత దగ్గరగా ఆయన ముఖం నేను చూడటం అదే మొదలు. కణతల దగ్గర అప్పుడే నెరుస్తోంది.

"నువ్వే చెప్పమ్మా. ఈడ ఉంటావా, నా జతకి వస్తావా? నువ్వెట్లంటే అట్లనే."

నేను నోరు తెరిచాను.

"దాన్ని అడగొద్దు," అంది పెద్దమ్మ. గొంతు గట్టిగానే ఉంది. "ఏం చెప్పినా మనలో ఒకరిని వద్దన్నట్ల అవుతాది. ఆ మాట దానితో అనిపించొద్దప్పా. నేనే పంపిస్తాను."

మా నాయన చేతిలో సంచి తీసుకుని లోపలికి పోయి బట్టలు తనే సర్దింది. నాకు తల దువ్వి జడ వేసింది. బస్ స్టాండు దాకా రాలేదు. మేము వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే, చీర ఎగదోపుకుని, పురుగు గది గోడకు సున్నం కొడుతోంది. నాకు ఒళ్ళు మండింది. నన్ను పంపించేసి అప్పుడే పనిలో పడింది అనుకున్నాను. మత్తిగిరి చేరేదాకా బస్సులో మా నాయనతో ఒక్క మాట మాట్లాడలేదు. చాలా రోజులు పెద్దమ్మ మీద ఆ కోపం అలాగే ఉంది.

ఇక్కడ మా చిన్నమ్మ, అంటే నాయన రెండో భార్య, చెడ్డది కాదు. నన్ను కొట్టలేదు, ముద్దూ చేయలేదు, వేళకు అన్నం పెట్టింది. సెలవులకు పెద్దమ్మ దగ్గరికి పోయేదాన్ని. మా నాయనే తీసుకుపోయి దించేవాడు, ఆయనే వచ్చి తీసుకొచ్చేవాడు. తిన్నె మీద పెద్దవాళ్ళు ముగ్గురూ కూర్చుని రాగి ముద్దా అనపగింజల పులుసూ తినేవాళ్ళు. ఆ రోజు మాటలు ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. పెద్దమ్మ మళ్ళీ పురుగు పెట్టింది, పంటకూ పంటకూ మధ్య గది ఆరబెట్టి మరీ పెట్టింది. ఇప్పుడు చేతకాక మానేసింది. వయసైంది, చెవులు సరిగా వినిపించవు. నేను పోతే ఇప్పటికీ జడ వేస్తానంటుంది.

మా నాయన రిటైరయ్యాక, పోయిన చలికాలంలో అనుకుంటాను, మా ఇంట్లో టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు మీ పెద్దమ్మ ఆపకుండా ఉంటే నువ్వు ఏమని ఉంటావు?"

ఇన్నేళ్ళూ అది ఆయన కడుపులో ఉందన్నమాట.

"తెలీదు నాయనా," అన్నాను. ఆయన తల ఊపి టీ తాగేశాడు. ముఖం తేటగా ఉంది.

తెలియకపోవడం ఏమిటి? "ఈడే ఉంటాను" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ ఇంకొక్క క్షణం ఆగి ఉంటే మా నాయన ఆ మాట విని, ఖాళీ సంచి పట్టుకుని ఒక్కడే బస్సెక్కి ఉండేవాడు. నేను ఏమంటానో పెద్దమ్మకు ఖాయంగా తెలుసు. ఏడాది పొడుగునా ఆమె రాత్రింబవళ్ళు కష్టపడింది ఆ ఒక్క మాట కోసమే. అది నా నోట్లోంచి వచ్చే వేళకు, రానివ్వకుండా ఆపేసింది.